వడ్లగింజంత వంపు

చిట్టియ్య ముడి వేసేవాడు కాదు. వినడానికి వేళాకోళంలా ఉంటుంది గానీ, పదమూడేళ్ళపాటు ఆ మనిషి చేత్తో ఒక్క ముడి పడలేదు. కాలికి చెప్పులే తప్ప బూటు ఎరగడు. ఇంట్లో దండెం తెగితే అక్క వచ్చి కట్టుకునేదాకా తడిబట్టలు బకెట్లోనే నానేవి. మేనకోడలు దేవిశ్రీ చిన్నప్పుడు రిబ్బను పట్టుకొచ్చి, "మావయ్యా, కట్టవా" అని వీపు తిప్పి నిలబడితే, "అమ్మ కడుతుందిలే తల్లీ" అంటూ లేచి వీధిలోకి పోయేవాడు. చుట్టుపక్కలవాళ్ళు బద్ధకం అనుకున్నారు. అనుకునేవాళ్ళ నోటికి ఎవరు తాళం వేస్తారు? అంతకుముందు ఆ చేతులు వేసిన ముళ్ళన్నీ ఒకదాని పక్కన ఒకటి పేరిస్తే వీరవాసరం నుంచి ఆకివీడు దాకా వస్తాయి.

చిట్టియ్య పందెం కోళ్ళకి కత్తి కట్టేవాడు. తండ్రి దగ్గర నేర్చుకున్న పని. కోడిని మేపడానికి డబ్బున్నవాడు చాలు, చంకన పెట్టుకుని బరిలోకి దించడానికి గుండె ఉన్నవాడు చాలు. కత్తి కట్టడానికి మాత్రం కన్ను ఉండాలి. కోడి ఎంత ఎత్తు లేస్తుంది, ముందు ఏ కాలు విసురుతుంది, లేచాక ఎటు ఒరుగుతుంది, ఇవన్నీ చూసి, కాలికి గుడ్డపట్టీ చుట్టి, కత్తి ఆనించి, దారం ఏడు చుట్లు చుట్టి బిగించాలి. కత్తి ఎటువైపు ఎంత ఒరగాలన్నది కట్టేవాడి ఇష్టం. వడ్లగింజంత వంపులో గెలుపోటములు తారుమారైపోతాయి. తండ్రి పనితోపాటు ఒక మాట కూడా నేర్పాడు. "ఒక చోట బలం పెంచావంటే ఇంకో చోట తగ్గుద్దిరా. ఎక్కడ తగ్గిందో కోడిని పట్టుకునేవాడికి చెప్పి మరీ పంపు" అనేవాడు. ఆ ఇంట్లో పుట్టింది గనక అక్క రత్నమాణిక్యానికి కూడా కట్టు చదవడం వచ్చు. ముడి చూసిందంటే కట్టినవాడి పేరు చెప్పేది, వంపు చూసిందంటే వాడి ఉద్దేశం చెప్పేది.

ఎనభై తొమ్మిది ఫాల్గుణంలో, ఊరి అమ్మవారి తీర్థంలో, చిట్టియ్య తన సొంత బావ కోడికి కత్తి కట్టాడు. బావ పేరు వీరాస్వామి, రత్నమాణిక్యం మొగుడు. మెత్తని మనిషి. కోడిని గుండెకి హత్తుకుని దాని చెవిలో కబుర్లు చెప్పేవాడు, జనం నవ్వుకున్నా మానేవాడు కాదు. ఆ కోడి డేగ, అంటే ఎర్ర ఈకలది. బాగా లేస్తుంది గానీ కాలు దగ్గరగా పడుతుంది. ఎదుటివాళ్ళది కాకి, నల్లకోడి, పొడుగ్గా ఉంది. అది చూసి చిట్టియ్య కత్తిని వడ్లగింజంత బయటికి ఒరిగించాడు. డేగ ఒక్క లేవడంలో గెలిచింది. వీరాస్వామి పరుగెత్తుకుంటూ పోయి, ఎప్పటిలాగే దాన్ని ఎత్తి హత్తుకున్నాడు. వేడి మీదున్న కోడి కాలు విసిరింది. కత్తి తొడలో దిగింది. భీమవరం ఆసుపత్రికి చేరేలోపు మనిషి చల్లబడిపోయాడు.

కోడి తన్నింది, రాత అలా ఉంది అన్నారు అందరూ. కత్తి బయటికి ఒరిగి ఉందని, అలా ఒరిగినప్పుడు కోడిని ఒంటికి తగలకుండా రెండు చేతులతో దూరంగా పట్టుకోవాలని, ఆ మాట తను బావకి చెప్పలేదని చిట్టియ్యకి ఒక్కడికే తెలుసు. మర్చిపోయి చెప్పకపోవడం కాదు. చెప్తే ఆ పిరికి బావ "వద్దులే చిట్టీ, మామూలుగా కట్టు" అంటాడని చెప్పలేదు. పెద్దకర్మ నాడు అక్క ఒక్కసారే అడిగింది. "కట్టు బాగానే ఉందారా?"

"బాగానే ఉందక్కా" అన్నాడు.

ఆవిడ మళ్ళీ అడగలేదు. అడిగితే బాగుండునని చిట్టియ్య ఏళ్ళ తరబడి ఎదురుచూశాడు. అడుగుతుందేమోనని భయపడుతూ కూడా బతికాడు. రెండూ నిజమే.

తర్వాత అక్కనీ, నాలుగేళ్ళ దేవిశ్రీనీ తీసుకుని భీమవరం వచ్చేశాడు. రైసు మిల్లులో బస్తాలు మోశాడు, రొయ్యల చెరువుల గట్ల మీద కాపలా తిరిగాడు. పెళ్ళి ఊసు ఎత్తిన చుట్టాల్ని తిట్టి పంపించాడు. తొంభై ఏడులో గణేష్‌బాబు అనే కుర్రాయన మద్రాసు నుంచి చెక్కపెట్టెల్లాంటి వీడియో గేములు తెప్పించి, కాలేజీ రోడ్డులో షాపు పెట్టి, పిల్లల గొడవలు తీర్చడానికి పెద్దమనిషి ఒకడు కావాలని చిట్టియ్యని స్టూలు మీద కూర్చోబెట్టాడు.

చూడండి మరి, మనిషి బరి వదిలి పారిపోయి వచ్చి ఎక్కడ పడ్డాడో. ఆ షాపులో పిల్లలు ఎగబడేది ఒక్క పెట్టె మీదే. అందులో ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, ఒకడు పడిపోయేదాకా కొట్టుకుంటారు. ఎనిమిది మంది వీరులున్నారు. వాళ్ళలో ఒకడు ఎర్రబట్టల వాడు, నెత్తిన సిగ. గాల్లోకి లేచి కాలు విసురుతాడు. చిట్టియ్య మొదటి రోజు వాణ్ణి చూసి లేచి బయటికి వెళ్ళి, పక్క బడ్డీ దగ్గర సోడా తాగి, చాలాసేపటికి గానీ లోపలికి రాలేకపోయాడు.

వారం గడిచేసరికి నోరు ఆగలేదు. చేతులు మానేశాయి గానీ కన్ను మానలేదు కదా. "ఒరే, అది డేగ. అంత ఎత్తు లేచినది దిగేటప్పుడు గుడ్డిదై ఉంటుంది. కాచుకుని అప్పుడు కొట్టు" అన్నాడు ఓడిపోతున్న పిల్లాడితో. ఆ పిల్లాడు గెలిచాడు. అంతే, ఆ రోజు నుంచి ఆయన కోడి మేష్టారు. ఎనిమిది మందికీ కోళ్ళ పేర్లు పెట్టేశాడు. నల్లబట్టల వాడు కాకి, తెల్లబట్టల వాడు సేతువ, రంగురంగుల బట్టల అమ్మాయి నెమలి. కోళ్ళ శాస్త్రంలో ఏ వారం ఏ రంగుది గెలుస్తుందో, ఏ దిక్కు నుంచి వదలాలో ఉంటుంది. పిల్లలు అదీ అడిగారు, ఆయన అదీ చెప్పాడు. లెక్కల పరీక్షకి సూత్రాలు రాని వెధవలకి కూడా శుక్రవారం కాకి మీద ఏది పనికొస్తుందో కంఠతా వచ్చేసింది.

కానీ మధ్యాహ్నాలు వేరు. ఒంటిగంట నుంచి మూడు దాకా షట్టరు సగం దించేసి గణేష్‌బాబు భోజనానికి పోయేవాడు. ఎవరూ ఆడకపోయినా ఆ పెట్టె దానంతటది ఆడుకుంటూ ఉండేది. రెండు నిమిషాలకోసారి ఎర్రవాడు ఒంటరిగా లేచి, కాలు విసిరి, దిగేవాడు. తర్వాత పెట్టె తెర అద్దం ఒక్క క్షణం నల్లబడేది. ఆ నల్లటి అద్దంలో చిట్టియ్యకి తన మొహం కనపడేది, తన భుజం వెనక వీరాస్వామి కనపడేవాడు. చంకలో డేగ. తల వంచి దాని చెవిలో ఏదో చెప్తూ ఉండేవాడు. చిట్టియ్య వెనక్కి తిరిగి చూసేవాడు కాదు. ఏం చెప్తున్నాడో వినపడుతుందేమోనని చెవులు రిక్కించేవాడు. ఒక్కనాడూ వినపడలేదు. స్విచ్చి కట్టేసి కూర్చోవచ్చు కదా అంటే కూర్చోవచ్చు. కట్టేసేవాడు కాదు. బావ అంత దూరం నుంచి వచ్చి నిలబడితే మొహం మీద తలుపు వెయ్యడం ఎలాగ?

ఆదివారాలు ఆ వేళకి దేవిశ్రీ కేరేజీ పట్టుకొచ్చేది. అప్పటికి పన్నెండేళ్ళు. మావయ్య తినేలోపు పెట్టె ముందు నిలబడి ఆడుకునేది. ఎప్పుడూ ఎర్రవాడే.

"ఏంటమ్మా, ఎప్పుడూ అదేనా? ఆ నెమలిని తీసుకోరాదా?"

"నాన్న కోడి కూడా ఎరుపే కదా మావయ్యా. అమ్మ చెప్పింది. గెలిచిందంట కదా."

చిట్టియ్య ముద్ద కింద పెట్టేశాడు. నీళ్ళు తాగి, "ఆయ్, గెలిచింది" అన్నాడు. ఆ పిల్లకి తండ్రి గురించి తెలిసిందల్లా అదొక్కటే, గెలిచాడని.

తొంభై తొమ్మిదిలో అదే ఆట రెండో భాగం వచ్చింది. వీరులు వాళ్ళే, బట్టలు కూడా అవే. పాత పెట్టె తీసేసి కొత్తది పెట్టిన మొదటి రోజే ఎర్రవాడు వరసపెట్టి ఓడిపోయాడు. పిల్లలు గగ్గోలు. పాత పెట్టె తూర్పుకి తిరిగి ఉండేదని, కొత్తదాన్ని దక్షిణానికి పెట్టారని, డేగని ఆ దిక్కు నుంచి వదిలితే ఇంతేనని ఒకడు కనిపెట్టాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నలుగురూ కలిసి పెట్టెని తూర్పుకి ఈడ్చారు. గణేష్‌బాబు వచ్చి, "ఏంటండి చిట్టియ్యగారూ ఇది, మీరైనా చెప్పొద్దా? వైరు తెగితే షాకు కొట్టి చస్తారు" అని నెత్తి కొట్టుకున్నాడు. దిక్కు మారినా డేగ గెలవలేదు. వారం మార్చి ఆడారు, అప్పుడూ గెలవలేదు.

ఆదివారం దేవిశ్రీ వచ్చి అరగంట ఆడి తేల్చేసింది. "దిక్కూ లేదు, వారమూ లేదు మావయ్యా. వాణ్ణే మార్చేశారు. లేవడం తగ్గించారు, కాలు కూడా పొట్టి చేశారు. దానికి బదులు కింద నిలబడి కొట్టే దెబ్బ జోరు చేశారు. చూడు."

"ఎవరు మార్చారు?"

"చేసినవాళ్ళు. మొదటి దాంట్లో అందరూ వాడితోనే గెలిచేస్తున్నారు కదా. అది చూసి తప్పు దిద్దుకున్నారు."

చిట్టియ్య ఆ రోజు సరిగ్గా తినలేదు. ఎక్కడో సముద్రాల అవతల కూర్చుని, జనం ఎలా పడుతున్నారో చూసి, కట్టు విప్పి మళ్ళీ కట్టేవాళ్ళున్నారన్నమాట. తప్పు కనపడితే ఇంకో భాగం తీస్తారు. అందులో మనుషులందరూ మళ్ళీ లేచి నిలబడతారు. ఆయనకి వాళ్ళ మీద కోపం వచ్చింది, నిజంగా అసూయపడ్డాడు. నల్లటి అద్దంలో బావని చూసి, "మనకేది బావా ఇలాంటిది" అని మనసులో అడిగాడు. బావ కోడితోనే మాట్లాడుకుంటున్నాడు.

రెండువేల రెండులో మూడో భాగం వచ్చేసరికి దేవిశ్రీకి పదిహేడేళ్ళు, ఇంటర్ రెండో ఏడు. అయినా ఆదివారం కేరేజీ తనే తెచ్చేది. దాని పిడి క్లిప్పు విరిగిపోతే, మూత ఊడకుండా రత్నమాణిక్యం తెల్లటి నాడా చుట్టి కట్టి పంపేది. నాడా విప్పి అన్నం పెట్టేది కూడా దేవిశ్రీయే. ముడి విప్పడానికి కూడా మావయ్య చెయ్యి పెట్టడని తెలుసు.

మూడో భాగంలో ఇద్దరిద్దరు జోడీలుగా దిగుతారు. ఒకడు అలిసిపోతే మీట నొక్కాలి, రెండోవాడు గాల్లోంచి దూకి వస్తాడు. దేవిశ్రీ ఎర్రవాణ్ణి తీసుకుని, జోడీగా తెల్లవాణ్ణి పెట్టుకుంది. కాసేపు ఆడి ఆగిపోయింది.

"మావయ్యా, ఇదేదో వింతగా ఉంది. కాలు మళ్ళీ పొడుగు చేశారు, మొదటి దానికన్నా పొడుగు. కానీ వీడు కాలు విసురుతున్నప్పుడు మనవాడు లోపలికొస్తే మనవాడికే తగులుతోంది. చూడు, తెల్లవాడి ప్రాణం సగానికి పడిపోయింది. శత్రువు ముట్టుకోనే లేదు." మళ్ళీ చేసి చూపించింది. ఎర్రవాడు గెలుస్తున్నాడు. పక్కవాడు దూకి వచ్చి, ఆ కాలికి తగిలి, మోకాళ్ళ మీద పడ్డాడు. "ఎందుకిలా పెట్టారంటావు?"

చిట్టియ్య స్టూలు మీంచి లేచాడు. చెప్పకుండా ఉండగలిగేవాడే. పదమూడేళ్ళు ఉన్నాడు కదా. కానీ ఆ పిల్ల కోడి మేష్టారిని అడిగింది, కోడి మేష్టారికి జవాబు తెలుసు.

"కాలు పొడుగు కావాలనుకున్నారమ్మా. ఎదుటోడు పొడుగ్గా ఉన్నాడు. పొడుగు చేస్తే పక్కోడికి తగులుద్దని తెలుసు. తెలిసే చేశారు."

"తెలిస్తే ఆటలో ముందే చెప్పాలి కదా?"

"చెప్పాలి" అన్నాడు. "నేను చెప్పలేదు."

దేవిశ్రీ మీట వదిలేసింది. తెర మీద ఆట ఎవరూ ఆడకుండానే సాగుతోంది. చిట్టియ్య నిలబడే చెప్పాడు. కాకికోడి పొడుగు గురించి, వడ్లగింజంత వంపు గురించి, పట్టుకునేవాడికి చెప్పాల్సిన మాట గురించి, అది ఎందుకు దాచాడో దాని గురించి. ఆ పిల్ల ఏడవలేదు. కళ్ళు తిప్పకుండా ఆయన చేతులవైపే చూస్తూ నిలబడింది. అప్పుడు చిట్టియ్య ఎవరూ అడగనిది కూడా చెప్పాడు.

"బావ పడిపోగానే ముందు కోడిని పట్టుకుని కత్తి విప్పానమ్మా. ఇంకోడికి తగలకుండా ముందు కత్తి విప్పాలి, అది పద్ధతి. పద్ధతి కోసం విప్పానో, ఎవరైనా వంపు చూస్తారని విప్పానో, ఇప్పటికీ నాకే తెలీదు. విప్పిన దారం నా చేతిలోనే ఉంది. అది మీ నాన్న తొడకి బిగించి కడితే నెత్తురు ఆగేది. నాకన్నా బాగా కట్టేవాడు ఆ చుట్టుపక్కల లేడు. చేతిలో దారం పట్టుకుని అలా నిలబడిపోయాను."

దేవిశ్రీ బల్ల దగ్గరికి వెళ్ళి గణేష్‌బాబు పెన్సిలు తీసింది. కేరేజీకి కట్టిన నాడా విప్పింది. రెండూ తెచ్చి ఆయన ముందు పెట్టి, కుడి చెయ్యి చాపింది.

"ఎలా కట్టావో కట్టు."

"వద్దమ్మా."

"మామూలుగా ఎలా కడతారో ముందు అది కట్టు మావయ్యా. తర్వాత రెండోది."

పదమూడేళ్ళు ఖాళీగా ఉన్న వేళ్ళు వణుకుతాయనుకున్నాడు. వణకలేదు, అదే ఆయన్ని భయపెట్టింది. పెన్సిలు మణికట్టుకి ఆనించగానే చేతులు తమ పని తాము చేసుకుపోయాయి. ఏడు చుట్లు, ముడి. దేవిశ్రీ ఎడం చేత్తో ఆ చెయ్యి పట్టుకుని, కోడిని హత్తుకున్నట్టు ఒంటికి లాక్కుంది. పెన్సిలు మొన బట్టకి తగలకుండా పక్క నుంచి పోయింది. విప్పి మళ్ళీ కట్టమంది. ఈసారి చిట్టియ్య దాన్ని వడ్లగింజంత బయటికి ఒరిగించాడు. దేవిశ్రీ అలాగే లాక్కుంది. లేత పసుపు చుడీదారు మీద, తొడ దగ్గర, జానెడు నల్లటి గీత పడింది.

ఇద్దరూ ఆ గీత వైపు చూశారు.

"చెప్పుంటే దూరంగా పట్టుకునేవాడా నాన్న?"

"పట్టుకునేవాడమ్మా. నేనేం చెప్పినా వినేవాడు."

"అమ్మకి తెలుసా?"

"తెలీదు." ముడి వైపు చెయ్యి చాచి, "ఇటివ్వు, విప్పుతాను" అన్నాడు.

దేవిశ్రీ చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఉండనీ" అంది. ఒంగి షట్టరు కిందనుంచి ఎండలోకి వెళ్ళిపోయింది.

చిట్టియ్యకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. పిల్ల ఆ కట్టుతోనే ఇంటికి పోతోంది. గుమ్మంలో అక్క ఉంటుంది, కట్టు చదవడం వచ్చిన అక్క. ఆ రోజు తను కంగారుగా విప్పేసి చూడనివ్వని కట్టు అది. ఇవాళ ఆవిడ కూతురి చేతి మీదే ఉంది, ఏడు చుట్లూ వంపూ చెక్కుచెదరకుండా. పరుగెత్తితే సందు మలుపులోపు అందుకోవచ్చు. బతిమాలితే విప్పనిస్తుందేమో.

వెనక ఎర్రవాడు ఒంటరిగా లేచి, కాలు విసిరి, దిగాడు. అద్దం నల్లబడింది. చిట్టియ్య చూశాడు. అందులో తన మొహం ఒక్కటే ఉంది. మొదటిసారిగా వెనక్కి తిరిగాడు. స్టూలు, గోడ, క్యాలెండరు. బావ లేడు. ఇన్నేళ్ళూ భయపడింది కనపడతాడని కదా, ఇప్పుడు కనపడకపోయేసరికి స్టూలు వెనకా, పెట్టె పక్కనా వెతికాడు. ఆ పిల్ల వెంట వెళ్ళిపోయాడనుకున్నాడు.

నాడా లేని కేరేజీ మూత జారిపోకుండా రెండు చేతులతో పట్టుకుని, ఒంటికి దూరంగా పెట్టుకుని, ఇంటివైపు నడిచాడు. షట్టరు అలాగే సగంలో వదిలేశాడు. సందు మలుపు తిరిగేసరికి గుమ్మంలో తల్లీకూతుళ్ళు కనిపించారు. రత్నమాణిక్యం కూతురి చెయ్యి ఎండలోకి ఎత్తి పట్టుకుని ఉంది. వేలితో చుట్లు లెక్కపెట్టింది. పెన్సిలు ఎటు ఒరిగిందో తల వంచి చూసింది. చుడీదారు మీది గీత చూసింది. తర్వాత కూతురి చెయ్యి వదలకుండానే తలెత్తి సందులోకి చూసింది.

చిట్టియ్య ఆగలేదు. కేరేజీ అలాగే పట్టుకుని, అక్క చూస్తుండగా, గుమ్మం దాకా నడిచాడు.